మోటారు వద్దను, ఇంటిలోను విద్యుచ్ఛక్తి పొదుపు



మోట తోలిన తరమువారికి నీటి విలువ ఒకరు చెప్పవలసిన పని లేకుండెను. తెల్లవారుజామున ఎడ్లను కట్టి, ఎండ ముదిరిన పిదప విప్పులోగా ఎన్ని బొక్కెనలు పైకి వచ్చినవో, ఎన్ని మళ్ళు తడిసినవో వారికి లెక్క తెలియును. ఎద్దు అలసినచో నురుగు కక్కును, నడక మందగించును, రైతు చూచి విప్పును. మోటారు అలసినచో అట్టి గుర్తు ఏదియు కనబడదు. మీట నొక్కగనే నీరు వచ్చును. అది ఎంత శక్తిని తిని ఎంత నీరు ఇచ్చుచున్నదో కొలిచి చూచువారు చాల తక్కువ. ఈ వ్యాసములో ఆ కొలత ఎట్లు చేయవలెనో, నష్టము ఎక్కడెక్కడ జరుగుచున్నదో, దానిని ఎట్లు తగ్గించుకొనవలెనో వివరింతుము. చివర ఇంటి విషయము కూడ కొంత చెప్పెదము.

బిల్లు లేనపుడు పొదుపు ఎందుకు?

గ్రామములకు వెళ్ళినపుడెల్ల మాకు ఎదురగు మొదటి ప్రశ్న ఇదియే. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2004వ సంవత్సరమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీ నుండి 24 గంటల సరఫరా మొదలైనది. చేతి నుండి డబ్బు పోవుట లేదు కనుక శక్తి వృథా అయిననేమి అని రైతు అడుగుట సహజమే. దీనికి మూడు సమాధానములు కలవు.

మొదటిది: కరెంటు ఉచితము గాని మోటారు ఉచితము కాదు. వృథా అయిన శక్తి మాయమై పోదు. అందులో ఎక్కువ భాగము వేడిగా మారును. ఆ వేడి తీగచుట్టలోనిదైనచో మోటారు కాలును. రీవైండింగు ఖర్చు రైతుదే. రెండవది: తక్కువ శక్తితో ఎక్కువ నీరు వచ్చినచో అదే గంటలలో ఎక్కువ నేల తడియును, లేదా అదే నేల తడిసి కొన్ని గంటలు మిగులును. మూడవది: ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఉన్న రైతులందరును ఒకే కుండలోని నీరు త్రాగువారి వంటివారు. ఒకని మోటారు అనవసరముగా లాగుకొన్న కరెంటు చివరి పొలమువానికి తక్కువ వోల్టేజిగా చేరును.

ఇందుకు మా ఇంటి అనుభవమే చెప్పెదను. మా తండ్రిగారికి ఒక దిగుడు బావి, దానిమీద 5 హార్సుపవరు మోనోబ్లాకు మోటారు కలవు. ఒక ఏడు మాఘ మాసమున, యాసంగి వేరుశనగ ఊడలు దిగు సమయమున, మోటారు కాలిపోయినది. తక్కువ వోల్టేజి వలన ఫ్యూజు మాటిమాటికి పోవుచుండగా, దాని స్థానమున లావుపాటి రాగి తీగ వేసిరి. ఆ తీగ కరగలేదు. మోటారే కరగినది. రీవైండింగు అయి వచ్చుటకు 8 దినములు పట్టినది. వేరుశనగకు ఊడలు దిగునపుడు, కాయ ఊరునపుడు పదను లేకున్న నష్టము తీరనిది. ఆ ఏడు కాయ సగము తాలు అయినది. ఉచిత విద్యుత్తు ఉన్న ఇంటనే ఈ నష్టము జరిగినది. మోటారు తిరిగి బిగించిన నాడు మేము క్రింది కొలత చేసితిమి.

పని కొలుచు విధము

ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. సెకనుకు ఎన్ని లీటర్ల నీరు వచ్చుచున్నదో, ఆ నీరు ఎన్ని మీటర్లు పైకి ఎక్కుచున్నదో తెలిసినచో, ఈ రెంటిని గుణించి మరల 10తో గుణింపుడు. వచ్చినది సుమారుగా నీటిని ఎత్తుటకు నిజముగా వినియోగపడిన శక్తి, వాట్లలో. ఒక హార్సుపవరు అనగా 746 వాట్లు. వేయి వాట్లు ఒక గంటసేపు వాడినచో ఒక యూనిటు.

నీటిని కొలుచుటకు 200 లీటర్ల డ్రమ్ము చాలును. డెలివరీ గొట్టము క్రింద డ్రమ్ము నుంచి, గడియారము చూచి, ఎన్ని సెకనులలో నిండునో వ్రాసికొనుడు. మూడు మారులు కొలిచి సగటు తీయుడు. మోటారు నడుచుచుండగా బావిలోని నీటి మట్టము నుండి బోదె వరకు ఎత్తును తాడుతో కొలువుడు. మోటారు ఆపిన తరువాత కొలిచినచో నీరు పైకి ఊరియుండును, లెక్క తప్పును.

మా బావి వద్ద డ్రమ్ము 25 సెకనులలో నిండినది. అనగా సెకనుకు 8 లీటర్లు. నీటి మట్టము నుండి బోదెకు 11.5 మీటర్లు. 8ని 11.5తో, మరల 10తో గుణింపగా 920 వాట్లు. మీటరు పెట్టి చూడగా మోటారు గంటకు 3.9 యూనిట్లు, అనగా 3,900 వాట్లు తీసికొనుచున్నది. నూరు పాళ్ళు శక్తి తిని 24 పాళ్ళ పని మాత్రమే చేయుచున్నదన్నమాట. తగిన పంపు, తగిన గొట్టములు అమర్చినచో చిన్న మోనోబ్లాకు పంపుసెట్టు 45 నుండి 50 పాళ్ళ వరకు పని చేయగలదు.

మీ మోటారునకు మీటరు లేకపోవచ్చును. విచారింపకుడు. డ్రమ్ము నిండు కాలము మాత్రము ప్రతి సంవత్సరము ఒకే నెలలో కొలిచి, స్టార్టరు పెట్టె లోపలి తలుపు మీద తేదీతో వ్రాసిపెట్టుడు. నీటి మట్టము మారకుండగనే కాలము పెరుగుచున్నచో పంపులోనో, గొట్టములలోనో లోపము పుట్టినదని తెలిసికొనవచ్చును.

నష్టము జరుగు చోట్లు

1. ఎత్తుగా వంచిన డెలివరీ గొట్టము: చాలమంది రైతులు గొట్టమును బోదె మీద నాలుగైదు అడుగుల ఎత్తున వంచి, నీరు ధారగా పడునట్లు అమర్చుదురు. ఆ ఎత్తునకు నీటిని మోయుట వట్టి శ్రమ. మొత్తము 10 మీటర్లు ఎక్కవలసిన నీటిని ఇంకొక మీటరు ఎక్కించినచో పదవ వంతు శక్తి అధికముగా కావలెను. మా గొట్టము 1.5 మీటర్లు ఎక్కువ ఎత్తున ఉండెను. కోయుదమనగా మా తండ్రిగారు, "ధార అంత దూరం పడుతుంటేనే గదరా బోదెలో వడి ఉండేది, దాన్ని కోస్తావేమిరా?" అనిరి. ధార పడిన చోట గుంట పడునే గాని దాని వలన బోదెలో నీరు పెరుగదు. బోదె వడి దాని వాలు మీద, వచ్చు నీటి పరిమాణము మీద ఆధారపడును.

2. ఫుట్‌వాల్వు: పాతరకపు ఫుట్‌వాల్వులో నీరు దూరు సందులు చిన్నవి. దానిపై నాచు, ఆకులు పట్టినచో ఇంకను మూసికొనిపోవును. రాపిడి తక్కువగా నుండు కొత్తరకపు ఫుట్‌వాల్వునకు సందులు విశాలముగా ఉండును. మార్పిడికి అగు ఖర్చు స్వల్పము. ఉన్నదానినైన ఏటికి రెండు మారులు పైకి తీసి శుభ్రము చేయవలెను.

3. గొట్టముల వ్యాసము: ఇది చాలమంది గమనింపని విషయము. నీటికిని గొట్టపు గోడకును జరుగు రాపిడి వ్యాసము తగ్గిన కొలది అతివేగముగ పెరుగును. అంతే నీరు 3 అంగుళముల గొట్టమునకు బదులు రెండున్నర అంగుళముల గొట్టములో పోవునపుడు రాపిడి నష్టము సుమారు రెండున్నర రెట్లగును. వ్యాసము సగమైనచో నష్టము సుమారు 32 రెట్లు. గొట్టము కొనునపుడు మిగిల్చిన రూపాయలు ప్రతి తడిలోను తిరిగి చెల్లింపవలసివచ్చును. తుప్పు పట్టిన ఇనుప గొట్టములో కంటె నునుపైన పి.వి.సి. గొట్టములో రాపిడి సగమునకు దగ్గరగా ఉండును.

4. వంపులు: కుడి మూలగా తిరుగు ఎల్బోలకు బదులు నిదానముగా తిరుగు పొడవాటి బెండులు వాడుడు. అవసరము లేని వంపులు, వాల్వులు తీసివేయుడు.

5. పీల్చు ఎత్తు: పంపు నీటిని పీల్చు ఎత్తు ఎంత తక్కువైన అంత మంచిది. 6 మీటర్లు మించకుండ చూచుకొనుడు. వేసవిలో నీరు దిగినపుడు పంపును కూడ క్రింది దిమ్మె మీదికి దింపవలెను. పీల్చు గొట్టము అతుకులలో గాలి దూరినచో నీరు తగ్గును, పంపు శబ్దము మారును. అట్టి శబ్దము విన్న వెంటనే అతుకులు, గ్లాండు పాకింగు సరిచూచుకొనుడు.

మా బావి వద్ద గొట్టము దింపి, ఫుట్‌వాల్వు మార్చి, రెండు ఎల్బోలు తీసి బెండులు పెట్టి, ఇనుప గొట్టములకు బదులు పి.వి.సి. గొట్టములు అమర్చితిమి. మోటారు అదే, బావి అదే. డ్రమ్ము 17 సెకనులలో నిండినది. మా తండ్రిగారు మాటాడక గడియారము తమ చేతికి తీసికొని మరల రెండు మారులు తామే కొలిచిరి.

ఫలితము ఎకరముల లెక్కలో చూడుడు. ఒక ఎకరములో ఒక అంగుళము లోతున నీరు నిలుపుటకు సుమారు 1,02,800 లీటర్లు కావలెను. మునుపు దీనికి 3 గంటల 34 నిమిషములు పట్టి సుమారు 14 యూనిట్లు ఖర్చగుచుండెను. మార్పు తరువాత మోటారు గంటకు 4.2 యూనిట్లు తీసికొన్నను, నీరు అంతకు మించి పెరుగుటచే 2 గంటల 26 నిమిషములలో, సుమారు 10 యూనిట్లతో పని ముగిసినది. అంగుళము తడికి ఒక గంటకు పైగా మిగిలినది.

కెపాసిటరు సంగతి

మోటారు లాగుకొను కరెంటులో కొంత భాగము పని చేయదు. అయస్కాంత శక్తిని నిలుపుటకు మాత్రము తీగల వెంట వచ్చి పోవుచుండును. ఆ భాగమును దగ్గరనే సమకూర్చునది కెపాసిటరు. 3 హార్సుపవరునకు 1, 5 హార్సుపవరునకు 2, ఏడున్నరకు 3 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు తగును. దీని వలన మోటారు వాడు యూనిట్లు పెద్దగా తగ్గవు. ఆ ఆశతో కొనకుడు. తగ్గునది లైనులోని కరెంటు. 5 హార్సుపవరు మోటారు సుమారు 7.9 ఆంపియర్లు లాగుచున్నచో, కెపాసిటరు పెట్టిన పిదప లైనులో సుమారు 6.6 ఆంపియర్లు మాత్రమే ఉండును. ఆ మోటారు వలన తీగలలో వేడిగా పోవు నష్టము మూడింట ఒక వంతుకు దగ్గరగా తగ్గును, వోల్టేజి నిలుచును.

లెక్క కట్టినచో 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు కెపాసిటరు లేని 5 హార్సుపవరు మోటార్లను నాలుగింటిని మాత్రమే సుఖముగా మోయగలదు. అన్నిటికి కెపాసిటర్లున్నచో అయిదింటిని మోయును. కనుక ఇది ఒక్కరు చేయు పని కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరు కూడబలుకుకొని ఒకే మారు పెట్టింపవలెను.

ఆటోమాటిక్ స్టార్టర్ల వలన కలుగు కీడును ఇచటనే చెప్పవలెను. మోటారు మొదలగునపుడు మామూలు కరెంటునకు సుమారు ఆరు రెట్లు లాగుకొనును. సరఫరా రాగానే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నియు ఒక్క క్షణమున లేచినచో ట్రాన్స్‌ఫార్మరు తాళలేదు. అది కాలిన దినమున కష్టము అందరిది. ఎవరును లేని పొలములో అర్ధరాత్రి మోటారు లేచి, నిండిన మడి గట్లు తెంచుకొని నీరు పోవుట వేరొక నష్టము. ఆటోస్టార్టరు తీసివేయుటయే మేలు.

బోరు వేసినవారికి

బోరునకు మోటారు ఎన్నుకొనునపుడు "ఎక్కువ హార్సుపవరు, ఎక్కువ నీరు" అని తలంచుట పొరపాటు. బోరులో ఊరు నీటిని మించి ఏ మోటారును తీయలేదు. మోటారు నడుచునపుడు నీటి మట్టము 60 మీటర్లు, ఊరు నీరు సెకనుకు 1.5 లీటర్లు అనుకొందము. వినియోగపడు శక్తి 900 వాట్లు. దీనికి 3 హార్సుపవరు చాలును. ఏడున్నర హార్సుపవరు దింపినచో కొంతసేపటికి నీరు అయిపోయి పంపు గాలి పీల్చును. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరచునది దాని చుట్టు పారు నీరే. నీరు లేక నడచిన మోటారు శీఘ్రముగా కాలును. కనుక బోరు వేసిన వెంటనే ఊట కొలిపించి, మట్టము తెలిసికొని, ఆ ఎత్తునకు తగిన పంపును, ఐ.ఎస్.ఐ. గుర్తు, నక్షత్రముల లేబిలు చూచి తీసికొనుడు.

నీటి పొదుపే శక్తి పొదుపు

ఎత్తనవసరము లేని నీటికి యూనిటుతో పని లేదు. కూరగాయలు, మిరప, పండ్ల తోటలకు బిందు సేద్యము మేలు. వరికి ఎల్లప్పుడు నీరు నిలువ ఉంచనక్కరలేదు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుండి 15 సెంటీమీటర్ల వ్యాసము గల ప్లాస్టికు గొట్టము తీసికొని, క్రింది సగమునకు రంధ్రములు చేసి, ఆ సగము మడిలో దిగునట్లు పాతి, లోపలి మట్టి తీసివేయుడు. నాటిన రెండు వారముల తరువాత, గొట్టములో నీరు మడి మట్టమునకు 15 సెంటీమీటర్లు దిగినపుడు మాత్రమే మరల 5 సెంటీమీటర్ల నీరు పెట్టుడు. పూతకు ఒక వారము ముందు నుండి ఒక వారము తరువాత వరకు మాత్రము నీరు తప్పక నిలువ ఉంచవలెను. ఇది అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ప్రచారము చేసిన పద్ధతి.

ఒక హెచ్చరిక. మోటారును బాగుచేసి మిగిల్చిన గంటలలో మరియొక ఎకరము వరి వేసినచో పొదుపు పొదుపు కాదు. బావి ఇంకను త్వరగా అడుగంటును. మిగిలిన గంట మోటారు ఆపినప్పుడే మిగిలినట్లు. మా తండ్రిగారు ఆ మరుసటి యాసంగిలో ఎకరములు పెంచలేదు. మాఘములో వేరుశనగకు తడి తప్పలేదు.

ప్రాణముల విషయము

మోటారు, స్టార్టరు రెంటికిని సరియైన ఎర్తింగు ఉండవలెను. తడి చేతులతో, వట్టి కాళ్ళతో స్టార్టరు ముట్టకుడు. పొడి చెక్కపలక వేసికొని నిలువుడు. రిలే మోటారు పేరుపలక మీది ఆంపియర్లకు అమర్చుడు. ఒక ఫేజు పోయినపుడు మోటారును ఆపు సాధనము పెట్టింపుడు. రెండు ఫేజులతో మోటారు నడుపు ఉపాయములు మానుడు. ట్రాన్స్‌ఫార్మరు మీద ఫ్యూజు వేయుట లైన్‌మను పని, మీది కాదు. పంట పోయినచో మరుసటి కారు కలదు. మనిషి పోయినచో ఇల్లు నిలువదు.

ఇంటిలో

ఇంటి కరెంటునకు బిల్లు కలదు కనుక లెక్క సులభముగా బోధపడును. 60 వాట్ల పాత బల్బునకు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు రోజుకు 5 గంటలు వెలిగించినచో నెలకు సుమారు ఏడున్నర యూనిట్లు మిగులును. మామూలు పంకా సుమారు 75 వాట్లు, కొత్తరకపు బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లు తీసికొనును. రోజుకు 10 గంటలు తిరిగినచో నెలకు పదమూడున్నర యూనిట్ల తేడా. పంకా మార్చునపుడు రాత్రి ఎక్కువసేపు తిరుగు పంకాను ముందు మార్చుడు. ఫ్రిజు వెనుక గోడకు జానెడు ఖాళీ ఉంచుడు.

పొయ్యి విషయము ఇంటివారికి చెప్పనవసరము లేకున్నను, మగవారు కూడ తెలిసికొనుట మంచిది. నీరు మరిగిన తరువాత మంట ఎంత పెంచినను దాని వేడి పెరుగదు, ఆవిరి మాత్రమే పెరుగును. కనుక మరిగిన వెంటనే మంట తగ్గించి మూత పెట్టవలెను. కందిపప్పు, శనగలు ముందుగ నానబెట్టినచో, కుక్కరులో ఉడికించినచో గ్యాసు మిగులును. మంట నీలముగా కాక పసుపుగా మండుచున్నచో బర్నరు శుభ్రము చేయవలెను.

కట్టెల పొయ్యి వాడువారు పొగగొట్టము తప్పక పెట్టుకొనవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు 1950ల నాటికే పొగ రాని మట్టిపొయ్యిని రూపొందించిరి. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు కాగుట, పొగ కప్పు మీదికి పోవుట అందలి సూత్రములు. నాలుగైదు పశువులున్న ఇంట రోజుకు 50 కిలోల పేడతో 2 ఘనమీటర్ల గోబరుగ్యాసు తొట్టి నడుచును. చిన్న కుటుంబమునకు వంట సాగును, ఎరువు పోదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ప్రతి ఏడు ఒకే నెలలో డ్రమ్ము పరీక్ష చేసి వ్రాసిపెట్టుడు.
2. డెలివరీ గొట్టమును బోదె మట్టమునకు దింపుడు.
3. ఫుట్‌వాల్వు, గొట్టములు, బెండులు సరిచేసిన తరువాతనే కొత్త మోటారు ఆలోచన చేయుడు.
4. కెపాసిటర్లను ట్రాన్స్‌ఫార్మరు క్రింది వారందరు కలిసి పెట్టింపుడు.
5. ఆటోస్టార్టరు, లావు ఫ్యూజు తీగ రెండును విడువుడు.
6. మిగిలిన గంట మోటారు ఆపుడు.

వీనిలో మొదటి రెంటికి పెద్ద ఖర్చు లేదు. ఒక డ్రమ్ము, ఒక గడియారము, ఒక రంపము చాలును. రేపు ఉదయము పొలమునకు పోవునపుడు వానిని వెంట తీసికొనిపొండు.